ఐదో సర్గలో తెడ్ల ముసలాయన

ఏడున్నరకు ఫోను మోగింది. అప్పటికి ఆమె రెండున్నరేళ్ల కూతురిని ఒళ్ళో కూర్చోబెట్టుకొని ఒక కాలికి మేజోడు తొడిగింది. రెండో మేజోడు ఎక్కడ దాచిందో ఆ పిల్లకే తెలియాలి. ఆ పిల్లేమో నోరు విప్పదు.

“మీ నాన్నగారే,” అన్నాడు భర్త, పనిముట్ల సంచీ భుజాన వేసుకుంటూ. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. “గోడ గడియారమైనా ఓ రోజు ఆగుతుందేమో గానీ ఆయన ఆగరు. ఇవాళ ఓడ ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కో.”

“మీకు అంతా వెటకారమే.”

“వెటకారమేముందే? పొద్దున్నే మా ఇంట్లో తుఫాన్లూ యుద్ధాలూ అంటే పనిలో మా వాళ్ళు మీ ఆవిడతో గొడవా అని అడుగుతున్నారు!”

అతను నవ్వుకుంటూ వెళ్ళిపోయాక ఆమె ఫోను కిటికీ గట్టు మీద పెట్టి స్పీకరు నొక్కింది.

“ఏం తల్లీ, ఐదో సర్గ అయిందా?”

“అయింది నాన్నా.”

“తెడ్ల ముసలాయన దగ్గరికి వచ్చావా మరి?”

ఆమె మేజోడు వెతకడం ఆపింది. వరసగా మూడు రోజుల నుంచీ ఇదే ప్రశ్న. ఆ ముసలాయన ఎవరో ఆమెకు తెలియదు. ఐదో సర్గ రెండుసార్లు చదివింది. ఊరు పోగొట్టుకున్న జనం ఒడ్డున ఓడలు కట్టుకున్నారు, కాసేపటికి నడిసముద్రంలో ఉన్నారు. మధ్యలో ఏ ముసలాయనా కనబడలేదు.

“వచ్చాను నాన్నా. బాగుంది.”

అవతల తాళాల గుత్తి గలగలమంది.

“బాగుందా,” అన్నాడాయన. “సరే. షట్టరు తియ్యాలి.” అంతే, ఫోను పెట్టేశాడు.

ఆయన బైండరు. నలభై ఏళ్లుగా ఊళ్ళో వాళ్ళ పుస్తకాలకు అట్టలు వేస్తున్నాడే గానీ ఒక పుస్తకం తీసి తీరిగ్గా చదివింది లేదు. నిరుడు గ్రంథాలయం వాళ్ళు పాడైపోయిన పుస్తకాలు పారేస్తుంటే అందులో ఒకే పుస్తకం రెండు ప్రతులు కనబడ్డాయి. రెండు వేల ఏళ్ల కిందటి లాటిన్ మహాకావ్యానికి తెలుగు వచనం అది. రెంటినీ ఫారాలుగా, అంటే పదహారేసి పేజీల మడతలుగా విప్పి, కుట్టి, కొత్త అట్టలు వేశాడు. బాగున్నది కూతురికే ఇద్దామనుకున్నాడు. కానీ అక్షరాలు చెదరకుండా ఉన్నది అదే కావడంతో, కళ్ళు తగ్గినాయన చేతిలో అదే ఉండిపోయింది. తడిసిన ప్రతి కూతురికి వచ్చింది. బూజు పట్టిన అంచు లోతుగా కోయడంతో దాని పేజీల అంకెలన్నీ పోయాయి. అందుకే వారానికో సర్గ అని లెక్క పెట్టుకున్నారు.

తల్లి పోయాక తండ్రీకూతుళ్ళ మధ్య మిగిలినవి రెండే మాటలు: తిన్నావా, పిల్ల బాగుందా. ఈ పుస్తకం వచ్చాకే వాళ్ళిద్దరూ వాదించుకున్నారు, నవ్వుకున్నారు. ఫలానా రాజు మూర్ఖుడని ఆయన, పాపం అమాయకుడని ఆమె. పాప పడుకున్న మధ్యాహ్నాలు ఆమె ఒక్కో వాక్యం వేలు పెట్టి చదివేది. రేపు పొద్దున నాన్నతో ఏం చెప్పాలా అని రోజంతా గిన్నెలు తోముతూ, బట్టలారేస్తూ కూర్చుకునేది. మళ్ళీ ఎప్పుడు తెల్లారుతుందా అని ఇంతలా ఎదురుచూసి ఎన్నాళ్ళయింది!

అలాంటిది ఇప్పుడు ఫోను మోగకపోతే బాగుండుననిపిస్తోంది. ఐదో సర్గలో ఒకచోట వాక్యం కుంటినట్టు అనిపించిన మాట నిజమే. పాత కావ్యాలు ఇలాగే ఉంటాయి కాబోలు, తొమ్మిదో తరగతితో ఆగిపోయిన తనకు అందవు కాబోలు అనుకుంది. కళ్ళ ముందున్న ముసలాయనే కనబడని బుర్ర, ఇంకేం బుర్ర? పోనీ ఈ మొద్దుతనం తనతో పోయేదా? మొన్న శిశుకేంద్రం టీచరు ఆపి మరీ అడిగింది, “ఈ వయసుకి రెండేసి మాటలు కలపాలమ్మా. ఇంట్లో మీరు దీంతో మాట్లాడతారా?” అని. ఆ రోజు నుంచీ పిల్ల ముఖం చూసినప్పుడల్లా ఆమెకు ఒకటే భయం.

మర్నాడు ఏడున్నరకు ఆయన కుశలమైనా అడగలేదు.

“ఆ ముసలాయన కూతురితో ఏమన్నాడో చెప్పు తల్లీ.”

ఆమె తోచింది చెప్పేసింది. “జాగ్రత్తగా వెళ్ళమన్నాడు.”

“అంతేనా?”

“అంతేగా మరి. ఇంకేముంది?”

“ఇంకేమీ లేదా!” అన్నాడాయన. “చదివితే ఇలా అనవు. చదవకుండానే నా మాటకు తాళం వేస్తున్నావు. లేదంటే చదివే, జవాబు చెప్పడం ఇష్టం లేక దాటేస్తున్నావు. ఏదో ఒకటి చెప్పు.”

“నాకేం పరీక్షా నాన్నా ఇది?” ఆమె అరిచింది. పాప ఉలిక్కిపడి చూసింది. “పరీక్షలు రాసే వయసులో నన్ను కొట్లో కూర్చోబెట్టి ఫారాలు మడిపించావు. ఇప్పుడు పుస్తకమిచ్చి ప్రశ్నలడుగుతావా? నాకు రాదు! నాకు అర్థం కాదు! సరేనా?”

ఫోను తనే పెట్టేసింది. భర్త గుమ్మంలోనే ఆగిపోయాడు. ఈసారి హాస్యమాడలేదు.

“వెళ్ళి మాట్లాడి రా,” అన్నాడు. “ఫోన్లో తెగేవి ఫోన్లో అతకవు.”

“మాట్లాడేదేం లేదు. పుస్తకం ఇచ్చేసి వస్తాను.”

నాన్న కొట్లో జిగురు వాసన, కొత్త అట్టల వాసన. ఆయన కత్తిరింపు మిషను పక్కన కూర్చొని ఉన్నాడు, పని చేయడం లేదు. ఆమె పాపను కాగితపు ముక్కల గుట్ట దగ్గర దించి, పుస్తకం బల్ల మీద పెట్టింది.

“ఇదిగో. నాకొద్దు.”

“చదవడం కష్టమైతే ఆపేద్దాం. నా మీద కోపమైతే మాత్రం...”

“కోపం కాదు నాన్నా, భయం!” అని ఆమె ఏడ్చేసింది. “రెండుసార్లు చదివాను. మూడోసారి పైకి చదివాను. నీ ముసలాయన నాకు కనబడలేదు. నువ్వేమో రోజూ అడుగుతావు. ఇంత మొద్దునేమిటి నేను అనిపిస్తోంది. దీనికి మాటలు రాకపోవడం కూడా నా వల్లేనేమో, నా బుర్రే దీనికీ వచ్చిందేమో...”

ఆయన తెల్లబోయి చూశాడు. చేతికి ఏదో ఒక ఆసరా కావాలన్నట్టు పుస్తకం తీసుకున్నాడు. అలవాటు కొద్దీ బొటనవేలు పుస్తకం వీపు పైఅంచు మీద, కుట్టిన మడతల వెంట నడిచింది. చివరిదాకా వెళ్ళి ఆగింది. మళ్ళీ మొదటికి వచ్చింది.

“ఇరవై మూడు,” అన్నాడు.

“ఏమిటి?”

జవాబు చెప్పకుండా తన ప్రతి తీసి లెక్కపెట్టాడు. ఇరవై నాలుగు ఫారాలు. రెంటినీ ఐదో సర్గ దగ్గర తెరిచి పక్కపక్కన పెట్టాడు. ఆయన పుస్తకంలో ఓడలు కట్టడానికీ నడిసముద్రానికీ మధ్య పదహారు పేజీలున్నాయి. ఆమె పుస్తకంలో లేవు. ఆమెకు కుంటినట్టు అనిపించిన వాక్యం ఒక కాలు ఇటువైపు, ఒక కాలు అటువైపు పెట్టుకొని నిలబడి ఉంది.

“తడిసిన ఫారం ఒకటి విడిగా ఆరేశాను,” అన్నాడు మెల్లగా. “దాన్ని కలపకుండా కుట్టేశాను, అది చిత్తుకాగితాల్లో పోయినట్టుంది. నలభై ఏళ్లలో ఒక్క ఫారం వదల్లేదు తల్లీ. నీ పుస్తకంలోనే వదిలాను. నీ బుర్రలో ఏ లోపమూ లేదు. లేనిది చదవమంటే ఎవరు మాత్రం చదువుతారు?”

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన చిన్న కత్తి తీసి తన పుస్తకం కుట్టు మీద పెట్టాడు, ఆ ఫారం విప్పి ఇవ్వడానికి.

“కోయకు నాన్నా,” అని చేయి పట్టుకుంది. “ఇక్కడే కూర్చొని చదువుతాను.”

పీట లాక్కొని పైకి చదవడం మొదలుపెట్టింది. ఓడలన్నింటికీ తెడ్లు చెక్కిన ముసలాయన ఆ ఓడలు ఎక్కడం లేదు. ప్రయాణం ఓర్చుకోలేడు. నీళ్ళల్లోకి మోకాళ్ళ దాకా దిగి, ఓడెక్కబోతున్న కూతురి చేతులు పట్టుకున్నాడు. “నీ ఈడు పిల్లలు చుక్కల పేర్లు నేర్చుకుంటుంటే నీ చేత నా చెక్కపొట్టు ఊడ్పించాను. ఇవాళ నువ్వు చీకట్లో పోతున్నావు. దారి చూపే చుక్క ఏదో నేను చెప్పలేను, నువ్వు చదవలేవు. ఆ తప్పు...”

ఆమె చదవడం ఆపేసింది. తలెత్తి చూస్తే నాన్న గోడవైపు తిరిగి ఉన్నాడు.

“ఈ మాట నోటితో చెప్పొచ్చు కదా నాన్నా.”

“పదేళ్లుగా చెప్పాలని చూస్తున్నాను, నోరు రావట్లేదు. ఎవరో మహానుభావుడు ఎప్పుడో చెప్పి పెట్టాడు కదా, నీ చేత చదివిస్తే చాలనుకున్నాను. నువ్వేమో బాగుంది నాన్నా అన్నావు. క్షమించడం ఇష్టం లేక అలా అన్నావనుకున్నాను.”

పాప కాగితపు ముక్కలు గుప్పిళ్ళతో ఎగరేస్తోంది. 

“అమ్మ మంచాన పడ్డప్పుడు ఒక్క ఏడాది బడి మానితే చాలన్నావు,” అంది ఆమె.

“అన్నాను.”

“ఏడాది అయ్యాక నా పుస్తకాల సంచీ సర్దుకున్నాను. నువ్వు చూశావు.”

“చూశాను. చూసి కూడా మడవాల్సిన కట్ట తెచ్చి నీ ముందు పెట్టాను.” ఆయన కన్నీళ్ళు తుడుచుకోలేదు. “తప్పు చేశాను తల్లీ. ఇది పుస్తకంలో మాట కాదు, నాది.”

ఆమె లేచి వెళ్ళి ఆయన భుజం మీద తల ఆనించింది. జిగురు మరకల చొక్కా తడిసింది. ఆయనే అన్నాడు, “ఆ కూతురు ఏం జవాబు చెప్పిందో చదవవూ?”

“తర్వాత చదువుతాను. ముందు నేను చెప్పాల్సింది ఒకటుంది.” ఆమె కళ్ళు తుడుచుకుంది. “పెద్దవాళ్ళకి సాయంత్రం బడి పెట్టారు నాన్నా. పదో తరగతి రాయొచ్చు. ఐదింటి నుంచి ఏడింటి దాకా. రెండేళ్లుగా ఆ గేటు ముందు నుంచే నడుస్తున్నాను. మా ఆయన వచ్చేది ఎనిమిదింటికి. దీన్ని ఎవరు చూస్తారని లోపలికి అడుగు పెట్టలేదు.”

ఆయన పాపవైపు చూశాడు. తర్వాత కొట్టంతా ఒకసారి కలయజూశాడు.

“ఐదింటికి బడి అంటే పాపను నాలుగున్నరకే తీసుకురా,” అన్నాడు. “మొదటి రోజే ఆలస్యంగా వెళ్ళకు.”

అంటూనే వంగి, కింది అర మీదున్న కత్తులూ సూదుల డబ్బాలూ జిగురు గిన్నెలూ ఒక్కొక్కటే తీసి, అందనంత పైఅరలోకి సర్దడం మొదలుపెట్టాడు.