రెండు పెన్సిల్ సెల్స్

రాజధానిలో కటవారియా సరాయ్‌లో ఓ అద్దెగది. మెడలో విషపు సూది దిగిన ఏజెంట్ పౌలురాజు కుప్పకూలాడు. ప్రాణం పోయేముందు అతను వైర్‌లెస్‌లో చెప్పగలిగింది ఒక అక్షాంశం, ఒక రేఖాంశం.

"విదేశీ ముఠా జామర్ అక్కడే దాచింది," రఘువీర్‌తో అన్నాడు చీఫ్ జనార్దనరావు. "వసంత్ కుంజ్ వెనక అడవిలో. రేపు మధ్యాహ్నం పన్నెండుకి అది ఆన్ అయితే, దిగే విమానాలకి దారి తెలీదు. ఫోన్ వాడకు, వాళ్ళు వింటున్నారు. చేతిలో పట్టే జీపీఎస్ ఒకటి కొనుక్కో. పనయ్యాక వైర్‌లెస్‌లో చెప్పాల్సిన కోడ్, 'ఇడ్లీ చల్లారింది'."

ఏజెంట్ రఘువీర్‌కి పెళ్ళై నెల కాలేదు. అతనిది సర్వే ఉద్యోగమనే భార్య వీణ నమ్మకం.

సాకేత్‌లోని ఎలక్ట్రానిక్స్ షాపులో తమ ఆఫీసు టెక్నికల్ సెక్షన్ ఆఫీసర్ సాయిసుధ ఎదురైంది. నల్ల కళ్ళద్దాలు, ఖరీదైన సెంటు.

"ఇది తీసుకోండి. టచ్ స్క్రీన్, కలర్ మ్యాప్, లోపలే బ్యాటరీ."

"జనవరి చలి. గ్లవ్స్‌తో టచ్ పనిచెయ్యదు. బటన్లది చాలు. ఛార్జ్ అయిపోతే సెల్స్ మార్చుకుంటా."

"మా తాతగారి రేడియో అలాగే ఉండేది, కొత్త పెళ్ళికొడుకుగారూ."

"సర్, బటన్‌వాలా ఆజ్‌కల్ కౌన్ లేతా హై?" ఈరోజుల్లో బటన్లది ఎవరు కొంటారన్నట్టు షాపువాడు వంత పాడాడు.

వైర్‌లెస్‌లో అడిగితే చీఫ్ కూడా ఆమె మాటే ఖాయం చేశాడు. రఘువీర్ పళ్ళు నూరుకుని టచ్ స్క్రీనే తీసుకున్నాడు. ఆమె వెళ్ళాక సొంత డబ్బుతో బటన్లదీ కొన్నాడు. రాత్రి ఇంట్లో డబ్బా విప్పితే అందులో సెల్స్ లేవు, షాపులేమో మూసేశారు. నిద్రపోయేదాకా వీణ దగ్గర సణుగుతూనే ఉన్నాడు.

మర్నాడు ఎనిమిదింటికి, సెల్స్ లేని బటన్లది కూడా జేబులో వేసుకుని ఇంట్లోంచి బయల్దేరి, పిట్టల్ని చూసేవాడి వేషంలో అడవిలో దిగాడు. గ్లవ్స్‌తో నొక్కితే స్క్రీన్ పలకలేదు. గ్లవ్స్ తీస్తే మంచుబొట్టు పడి మ్యాప్ కాబూల్ చేరింది. తిట్టుకుంటూ తుడుస్తుంటే ఓ మూల చిన్న గుర్తు మినుకుమంది. లొకేషన్ షేరింగ్. అతనెక్కడున్నాడో ఎప్పటికప్పుడు అందుకుంటున్నది సాయిసుధ.

వెనక ఎండుటాకులు చప్పుడయ్యాయి.

గేటు దగ్గర్నుంచీ ఓ వీధికుక్క అతని టిఫిన్ సంచీ వాసన చూస్తూ వస్తోంది. రఘువీర్ టచ్ స్క్రీన్ యూనిట్‌ని తాడుతో దాని మెడలో వేసి, మనసు చంపుకుని వీణ చేసిన గారె అందించాడు. ఎవరికీ వాటా ఇవ్వనన్నట్టు కుక్క పొదల్లోకి ఉరికింది. అడుగులు దాని వెంట పరిగెత్తాయి.

గారెల డబ్బా కింద ఏదో గలగలమంది. కాగితంలో చుట్టిన రెండు పెన్సిల్ సెల్స్. చలిలో వణుకుతున్న మనిషికి ఒక్కసారిగా ఒళ్ళంతా వెచ్చబడింది.

బటన్ల యూనిట్ కుయ్యిమని లేచి, తిన్నగా ఓ ముళ్ళపొద దగ్గరికి నడిపించింది. జామర్ మీద ఎర్ర అంకెలు. నాలుగు. మూడు. వైరు లాగేశాడు. తలమీదుగా విమానం నిదానంగా దిగిపోయింది.

"ఇడ్లీ చల్లారింది సార్," అన్నాడు వైర్‌లెస్‌లో. "సాయిసుధ కావాలంటే, మెడలో జీపీఎస్ ఉన్న కుక్క వెనక చూడండి."

ఇంటికి చేరేసరికి చీకటి పడింది. వీణ తలుపు తీసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"భోజనానికి వస్తానన్నారు. టైమెంతయిందో చూడండి."

చూశాడు. పెళ్ళి కానుకగా వచ్చిన గోడ గడియారాలు, హాల్లోదీ వంటింట్లోదీ, రెండూ పొద్దుటి ఏడున్నర దగ్గరే ఆగిపోయి ఉన్నాయి.

"ఇంకా నేను బయల్దేరనే లేదు కదా," అన్నాడు రఘువీర్.