కరెంటుంటేనే వచ్చే దెయ్యం

జింజా అనే ఊళ్లో, రైల్వే గోదాము వెనక, రక్తపరీక్షల ల్యాబ్ ఒకటి ఉండేది. దాని వెనకగది పేరెత్తితే అక్కడ పనిచేసే ఆడవాళ్లకి హడలు.

పొద్దున్నే వచ్చి చీరో గౌనో విప్పి తెల్లకోటు తొడుక్కోవాల్సింది ఆ గదిలోనే. సీలింగు సందులోంచి ఎర్ర కన్నొకటి చూస్తుందట... ఎప్పుడో ఆ ఇంట్లో కానుపులో పోయిన తల్లిదట ఆ కన్ను. నంగోబి అనే పిల్ల దాన్ని చూసి, సగం బట్టలతో వీధిలోకి పరిగెత్తింది. ఒంటిమీదికి ఏదో వచ్చిందన్నారు. ఉద్యోగం పోయింది. కుదిరిన పెళ్లీ పోయింది.

ల్యాబ్ యజమాని కిరుండా చర్చి పెద్ద. దెయ్యం వదలాలని ఆ గదిలో మూడు రోజులు తనే ప్రార్థనలు చేయించాడు.

అక్కడికి కంప్యూటర్లన్నీ కలిపే పని మీద కాగోయా వచ్చింది. ఊళ్లో సగం దుకాణాలకి వైర్లు లాగింది ఆవిడే.

"అంతా కొత్తది పెట్టమ్మా" అన్నాడు కిరుండా. "వైఫై పేరూ పాస్‌వర్డూ మాత్రం పాతవే ఉంచు. మావాళ్లు మళ్లీ నేర్చుకోలేరు."

సరేనంది. పొద్దంతా వైర్లు లాగింది. చీకటి పడేసరికి అందరూ వెళ్లిపోయారు. కిరుండా సాయంత్రం ప్రార్థనకి పోయాడు. తాళం వేయడానికి ముతేసి ఒక్కతే ఉంది, ల్యాబ్‌లో అందరికంటే పాత మనిషి.

కాగోయా రూటర్‌కి ఏమేం తగులుకున్నాయో తన ఫోన్లో చూసుకుంది. ఐదు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, తన ఫోను. ఏడు రావాలి. ఎనిమిది కనబడ్డాయి.

"నీ ఫోను కలిపావా అక్కా?"

"నా ఫోన్లో మాట్లాడ్డమే వస్తుందే."

కాగోయా కంప్యూటర్లు ఒక్కొక్కటే ఆపింది. ప్రింటరు ఆపింది. తన ఫోనూ, ఇంకొకటీ మిగిలాయి. దానికి పేరు లేదు... అంకెలు మాత్రమే. పాత పాస్‌వర్డుతోనే తగులుకుందది.

అప్పుడే కరెంటు పోయింది. రూటరు బ్యాటరీ మీద నడుస్తోంది. చూస్తూండగానే ఆ పేరులేనిది జాబితాలోంచి మాయమైంది. పావుగంటకి దీపాలు వచ్చాయి. నిమిషం గడిచిందో లేదో — మళ్లీ వచ్చి కూర్చుంది.

ముతేసి ఆమె భుజం పట్టుకుంది. గొంతు పూర్తిగా తగ్గించింది.

"మా దెయ్యం కూడా అంతే... కరెంటు లేనప్పుడు రాదు."

"నువ్వూ చూశావా?"

"చూశా. నంగోబికి పట్టిన గతి చూశాక నోరు కుట్టేసుకున్నా."

కాగోయా నిచ్చెన తెచ్చి నడవలో వేసి, సీలింగు పలక తోసి పైకెక్కింది.

కంపు... ఉచ్చ కంపు, కుళ్లు కంపు, కళ్లలోంచి నీళ్లు కారేంత. గబ్బిలాలు గుప్పున లేచి మొహానికి కొట్టుకున్నాయి. పాకుతుంటే మోచేతుల దాకా పెంట — పైన పొడి, కింద జిగట. టార్చి వేస్తే ఆ జిగట కదిలింది. బొద్దింకలు. జాకెట్టు చేతుల్లోకి దూరి పాకుతున్నాయి. వాంతి గొంతుదాకా వచ్చింది. పళ్లు బిగబట్టి వెనకగది వైపు జరిగింది.

అక్కడ ఒక్కచోట మాత్రం పెంట లేదు. ఎవరో చీపురుతో ఊడ్చి, కింద వార్తాపత్రిక పరిచారు. దాని మీద సబ్బుబిళ్లంత నల్లటి డబ్బా. దాని ముందు బొట్టుబిళ్లంత చిల్లు. డబ్బా మీద ఎర్ర దీపం — వెలుగుతూ, ఆరుతూ...

కెమెరా.

కాగోయా చిల్లులోంచి కిందికి చూసింది. వరసగా తెల్లకోట్లు. అద్దం. స్టూలు.

మొదట వచ్చిన ఆలోచన, తనకంటే ముందు ఇక్కడ వైర్లు వేసినవాడిదై ఉంటుందని. కెమెరాలోంచి మెమరీ కార్డు ఊడబీకింది. ఆ పెంటంటిన చేతుల్తో ఎక్కడ దాచాలా అనుకుంటుండగా కింద తలుపు చప్పుడైంది.

"నిచ్చెనెక్కిందెవరు?" — కిరుండా గొంతు. పాత పాస్‌వర్డే ఉంచమన్న గొంతు.

ఆమె కార్డుని నోట్లో వేసుకుంది.

దిగుతుంటే నిచ్చెన పట్టుకుని అతనే నించున్నాడు. "ఏం కనిపించిందమ్మా పైన?"

ఆమె నోరు విప్పలేదు. నాలుక కింద పెంట కరుగుతోంది.

"గబ్బిలాలండీ" అంది ముతేసి. "పాపం, వాంతి ఆపుకుంటోంది."

కిరుండా తన జేబురుమాలుతో కాగోయా భుజం మీది మురికి మెల్లగా తుడిచాడు. ఎంతో ఆప్యాయంగా అన్నాడు: "ఇలా రోడ్డెక్కుతావా తల్లీ? వెనకగదిలో నీళ్లున్నాయి. ఒళ్లు కడుక్కుని, బట్టలు మార్చుకుని వెళ్లు."

కాగోయా తల అడ్డంగా ఊపి, ముతేసి చెయ్యి పట్టుకుని బయటపడింది. పోలీస్ స్టేషన్ దాకా ఆగలేదు. అక్కడ బల్ల ముందే భళ్లున కక్కింది. ఆ కక్కులోంచి కార్డు ఏరి, కడిగి, ఇన్స్‌పెక్టరమ్మ చేతిలో పెట్టింది.

ఇన్స్‌పెక్టరమ్మ కార్డుని కంప్యూటర్లో పెట్టి, అందులో అన్నిటికన్నా పాత వీడియో నొక్కింది.

తెర నిండా ఒక మొహం. కెమెరాని అటూ ఇటూ సర్దుతూ, దాని అద్దం మీద దుమ్ముని జేబురుమాలుతో తుడుస్తూ... ప్రార్థనలకి వేసుకునే తెల్ల చొక్కాలో, సన్నగా కీర్తన పాడుకుంటూ — కిరుండా.

ఇన్స్‌పెక్టరమ్మ తెర ఆపేసి, ఇద్దరు మనుషుల్ని తీసుకుని జీపెక్కింది. ముతేసి మాత్రం జీపెక్కలేదు. ఆ చీకట్లోనే నంగోబి ఇంటికి బయల్దేరింది... ఆ పిల్లకి ఏ దెయ్యమూ పట్టలేదని వాళ్లమ్మకి ముందుగా చెప్పాలని.