తొమ్మిదో షెడ్డులో కరిగిన ఐసు

ఉదయం ఏడూ పదికి మధురవాడలో ఒక స్టోర్‌కీపర్‌ని చంపేశారు.

పేరు శ్రీరామ్మూర్తి. యాభై నాలుగేళ్లు. కార్బోరేఖ అనే కంపెనీలో సామాన్ల గది చూస్తాడు. లిఫ్టు తలుపులు తెరుచుకునేసరికి గోడకి ఆనుకుని కూర్చున్నట్టే ఉన్నాడు. మెడ మీద సూది గుచ్చినంత ఎర్రచుక్క. ఒళ్లో క్యారేజీ. అది ఇంకా వెచ్చగానే ఉంది. ఇంట్లో ఆవిడ తెల్లారకుండా లేచి అన్నం వండి, పప్పు వేసి, మూత బిగించి పంపింది. సాయంత్రం ఖాళీ గిన్నెలు వస్తాయనుకుంది. ఏం వచ్చింది?

ఎనిమిదింటికి ఏజెంట్ ఎడ్వర్డ్ ఆ లిఫ్టులో మోకాళ్ల మీద కూర్చుని శవం జేబులు వెతుకుతున్నాడు. చొక్కాజేబులో మడత పెట్టిన గేట్‌పాస్. తడిగా ఉంది. చేపల వాసన. వెనక బాల్‌పెన్‌తో రెండు లైన్లు.

"ఫిషింగ్ హార్బరు, షెడ్డు 9."

"రోల్ ఒక్కటే."

మొదటిది అర్థమైంది. రెండోది కాలేదు. అర్థం కానిదాన్ని మడిచి జేబులో పెట్టుకుని లేచిపోయాడు. ఆ పొద్దున అతను చేసిన తప్పు అదే.

ఎనిమిదిన్నరకి అదే వీధిలో, లేడీస్ హాస్టల్ పక్క మేడమీద, తలుపు కొట్టాడు.

"సముద్రం ఎలా ఉంది?" లోపల్నించి గొంతు.

"మీకెందుకండీ, ఈత రాదుగా."

కోడ్ సరిపోయింది. తలుపు తీసింది చీఫ్ భీమశంకరరావు.

"టైమ్ లేదు, విను. గ్రాఫీన్ తెలుసా?"

"పెన్సిల్ ముల్లులో ఉండే కార్బనే. ఒక్క పొర."

"ఒక్క అణువు మందం పొర. ఇప్పుడది సగం ప్రపంచంలో ఉంది. సెల్‌ఫోన్లు వేడెక్కకుండా లోపల వేస్తున్నారు. పడవ పెయింట్లో కలుపుతున్నారు, ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా. టైర్లు, బ్యాటరీలు, కాంక్రీటు... వేడిని రాగి కంటే వేగంగా లాగేస్తుంది. అలాంటి పొరలు పేర్చి కార్బోరేఖ వాళ్లు పన్నెండు మీటర్ల ఫిల్మ్ తీశారు. కొలిమి ముందు పనిచేసేవాళ్ల కోటుకి లైనింగ్. ఒకచోట తగిలిన మంటని ఒళ్లంతా పరిచి చల్లార్చేస్తుంది."

"దాన్ని ఎత్తుకుపోయారు."

"బ్లాక్ లీఫ్ రింగ్. లీడర్ వాన్‌హోల్ట్. ఏ దేశం వాడో వాడి ఆరు పాస్‌పోర్టులకే తేలలేదు. మధ్యాహ్నం రెండింటికి వాడెక్కే ఓడ కదులుతుంది. ఆలోపు ఫిల్మ్ నా టేబుల్ మీద ఉండాలి."

"పదకొండున్నరకి దువ్వాడ పక్కన స్టీల్ ఫ్యాక్టరీలో ట్రయల్ ఉంది కదా సార్? ఆ కోటు వేసుకుని మనిషి కరిగిన ఉక్కు ముందుకి నడుస్తాడని."

"అది నడుస్తుంది. ఫిల్మ్ రెండు రోల్స్ తీశారు. కోటుకి కుట్టింది మొదటిది. పోయింది రెండోది. హేమశ్రీ కన్‌ఫర్మ్ చేసింది."

హేమశ్రీ కార్బోరేఖ మార్కెటింగ్ హెడ్. ఎనిమిది నెలలుగా రింగ్‌లో ఉంటూ ఏజెన్సీకి కబురు చేరవేస్తోంది. ఫైల్లో ఆమె పేరు 'నెమలి'. ఆమె మాట వస్తే భీమశంకరరావు గొంతు మెత్తబడుతుంది, ఆయనకి తెలియకుండానే.

"ట్రయల్ చూడ్డానికి వాన్‌హోల్ట్ వస్తున్నాడు. ఆపితే అనుమానపడి జారిపోతాడు. ఆపడానికి వీల్లేదు."

"ఆ కోటు వేసుకునేదెవరు, సార్?"

"ఎవరో వర్కర్."

ఎవరో! ఎంత తేలిగ్గా అనేస్తారో. కొలిమి ముందు నిలబడేవాడు ఎప్పుడూ ఎవరోనే. ఎవరి కొడుకో, ఎవరి మొగుడో. మైకు ముందు నిలబడేవాడికి మాత్రం పేరుంటుంది, ఇంటిపేరుంటుంది, పక్కన నీళ్ల బాటిల్ ఉంటుంది.

తొమ్మిదీ నలభైకి ఫిషింగ్ హార్బరులో ఐసు మోసే కూలీ ఒకడు కొత్తగా చేరాడు. గళ్ల లుంగీ, గమ్‌బూట్లు, నల్లద్దాలు. ఎడ్వర్డే. ఆ అద్దాల్లో కార్బన్ స్కానర్ ఉంది. కార్బన్ కనబడితే చెవిలో బీప్‌మంటుంది.

షెడ్డులో అడుగు పెట్టగానే బీప్. త్రాసు చూస్తే బీప్. తలుపు, స్తంభం, సూపర్‌వైజర్ జగ్గయ్య తువ్వాలు, అన్నిటికీ బీప్. పోర్టు బొగ్గుధూళి ఈ ఊళ్లో ఎక్కడ పడలేదని? జనం ఊపిరితిత్తులు చూసినా కూసేది. ఎక్కడో ఏసీ గదిలో కూర్చుని కనిపెట్టినవాడికి ఆ సంగతేం తెలుసు! ఎడ్వర్డ్ అద్దాలు తీసి జేబులో పడేశాడు.

అప్పుడే షెడ్డు మూల కేకలు లేచాయి.

"ఏటే గంగాలమ్మా, ఐసు సరిగ్గా ఎయ్యలేవేటి? ఈ మూడు పెట్టెలూ మళ్లీ నీళ్లైపోనాయి! ఎక్స్‌పోర్టు సరుకిది. రేపట్నించి పనికి రాకు!" జగ్గయ్య అరుస్తున్నాడు.

"నీ నోరు పడ! మూడుసార్లు ఏసినాను." చేపలు సర్దే గంగాలమ్మ చీర కుచ్చెళ్లు దోపుకుని లేచి నిలబడింది. "ముప్పై ఏళ్ల బట్టి ఐసుతో బతుకుతన్నాను. నలబై పెట్టెల్లో నిలబడిన ఐసు ఈ మూడింట్లోనే ఎందుకు నిలబడదో, ఆ పెట్టెలు తెచ్చినోడ్ని అడుగు. నన్నడుగుతావేటి?"

ఎడ్వర్డ్ చేతిలో ఐసు తట్ట కింద పెట్టాడు.

"ఏ మూడు, అమ్మా?"

"అవిగో. నిన్న కారులో దొరసానిలాటి మనిషొకర్తి తెచ్చి దింపింది. నీలం సీర. సేపల పెట్టెలకి సెంటు వాసనేటో!"

ఎడ్వర్డ్ మూత పీకాడు. పైన వంజరం చేపలు. వాటి కింద థర్మకోల్ గోడల పొడుగునా మడతలు మడతలుగా నల్లటి రేకు. దాని అంచులు పెట్టె అంచు మీదుగా బయటికి వచ్చి టేపు కింద నక్కాయి. వేలితో ఒక అంచు పట్టుకుని, రెండో చివర ఐసుముక్క పెట్టాడు. వెన్నముక్క పెనం మీద పడ్డట్టు జర్రున కరిగిపోయింది. అంచులు బయట పెట్టారు కాబట్టి ఆ రేకు బయటి ఎండని లోపలికి లాక్కొచ్చి ఐసుకి అప్పజెబుతోంది. ఆరు పాస్‌పోర్టుల వాడికి ప్రపంచంలో అన్నీ తెలుసు, చేపకి ఐసు నిలబడాలన్నది తప్ప.

మూడు పెట్టెలూ విప్పాడు. నాలుగేసి మీటర్లు. మొత్తం పన్నెండు. చెవిలో మైకు నొక్కాడు. "చీఫ్, సరుకు దొరికింది. షెడ్డు సీల్ చేయించండి."

"ఇదేటి బాబూ?" గంగాలమ్మ అడిగింది.

"గ్రాఫీన్, అమ్మా. కొలిమి దగ్గర పనిచేసేవాళ్ల కోటులో వేసేది."

"స్టీలు ఫ్యాట్రీ కోటా? ఈయేళ మా సింహాద్రికి ఏత్తన్న కోటా?"

ఎడ్వర్డ్ తలెత్తాడు. "సింహాద్రి..."

"నా గుంటడు. ఆడ్నే ఏరేరు. పొద్దున్న గెడ్డం గీసుకుని మరీ ఎల్లాడు, పోటో తీత్తారని." ఆమె చూపు రేకు మీంచి అతని మొహం మీదికి వచ్చింది. "ఇది ఇక్కడుంటే, ఆ కోటులో ఏటుంది?"

"ఇంకో రోల్ ఉందమ్మా..." అంటూనే అతని చెయ్యి జేబులోకి వెళ్లింది. తడి గేట్‌పాస్. రోల్ ఒక్కటే. గదిలో ఏ సామాను ఎన్ని ఉందో స్టోర్‌కీపర్ కంటే ఎవడికి తెలుసు? శ్రీరామ్మూర్తి పోయేముందు రాసిపెట్టిన మాట అది. హేమశ్రీ అబద్ధం చెప్పింది. కోటులో ఉన్నది ఉత్త నల్ల ప్లాస్టిక్.

టైము పదీ ముప్పై.

"చీఫ్, ట్రయల్ ఆపండి! కోటు నకిలీది. నెమలి మనవైపు కాదు."

"ప్రూఫ్?" చెవిలో గొంతు చల్లగా ఉంది. "వాన్‌హోల్ట్ అక్కడే ముందు వరసలో ఉన్నాడు. ఓడ ఎక్కేటప్పుడు పట్టుకోవాలి. ఆపొద్దు. దిస్ ఈజ్ ఏన్ ఆర్డర్."

ఎడ్వర్డ్ చెవిలో మైకు పీకి చేపల నీళ్లలో పడేశాడు. ఫ్యాక్టరీకి ఫోన్ చేశాడు. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. గంగాలమ్మ కొడుక్కి చేసింది. స్విచాఫ్. ట్రయల్ అని అందరి ఫోన్లూ గేటు దగ్గరే పెట్టించేశారు.

"ఐసు వ్యాను తాళాలు ఎవరి దగ్గరున్నాయి?"

"పద," అంది గంగాలమ్మ. ఆమె అప్పటికే ఒక గంపలో ఐసు ఎత్తుకుని వ్యాను ఎక్కేసింది. రేకు ముక్క ఒకటి ఆమె ఒళ్లో ఉంది.

దారిలో గేట్‌పాస్ సంగతంతా ఆమెకి చెప్పేశాడు ఎడ్వర్డ్. మల్కాపురం దగ్గర ట్యాంకర్ల లైను. ఒకదాని వెనక ఒకటి, కదలవు. ఎడ్వర్డ్ హారన్ మీద చెయ్యి తియ్యలేదు.

"పొద్దున్న నుంచీ నీకు తెల్సు," అంది గంగాలమ్మ. ఏడవడం లేదు. పళ్లు బిగించి మాట్లాడుతోంది. "సచ్చిపోయినోడు కాయితం మీద రాసిచ్చినాడు. దాన్ని జేబులో ఎట్టుకుని సేపల షెడ్డుకొచ్చినావు."

అతను ట్యాంకర్ల మధ్య సందు కోసం వెతుకుతున్నాడు.

"ఆడికి నాలుగేళ్లప్పుడు కాలి మీద గంజి పడ్డాది. ఇంతేసి బొబ్బ. మూడు రోజులు నా ఒళ్లోంచి దిగలేదు. ఇప్పటికీ గంజి వార్సినప్పుడు నాను తలుపు గెడెట్టుకుంటాను, ఆడు ముప్పై ఏళ్లోడయినా. గంజికే అంత బొబ్బొస్తే, ఇనప నీళ్లకేటొస్తాది బాబూ? సెప్పు. సదూకున్నోడివి కదా."

ఎడ్వర్డ్ స్టీరింగు పూర్తిగా తిప్పాడు. వ్యాను డివైడర్ ఎక్కి అవతలి రోడ్డులో దిగింది. ఎదురుగా వస్తున్న బస్సువాడు తిట్టిన తిట్టు గాజువాక దాకా వినిపించింది.

పదకొండూ ఇరవై ఏడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీ చెయ్యి అడ్డం పెట్టాడు. "పాస్?"

వ్యాను ఆగలేదు. గేటు కర్ర విరిగి ముందు చక్రాల్లో ఇరుక్కుంది. వ్యాను గేటుకి అడ్డంగా తిరిగి అక్కడే చచ్చింది. ఎడ్వర్డ్ ఐసు గంప, గంగాలమ్మ రేకు పట్టుకుని దూకి పరిగెత్తారు.

లోపల కుర్చీలు, పూలదండలు, కెమెరాలు. హేమశ్రీ మైకు పట్టుకుని నవ్వుతోంది. ఒంటి మీద నీలం చీర. ముందు వరసలో వాన్‌హోల్ట్, మెడలో బంతిపూల దండ. వెనక ఆకాశమంత షెడ్డులో క్రేనుకి వేలాడుతున్న పెద్ద ఇనప గంగాళం. దాన్నిండా కరిగిన ఉక్కు. అది ఒరుగుతోంది. వెండిరంగు కోటు, ముసుగు వేసుకున్న మనిషి దాని వైపు నడుస్తున్నాడు. ఇంకో ఆరడుగులు.

"సింహాద్రీ!"

ముసుగులో వినపడదు. ఐదడుగులు. నిప్పురవ్వలు వానలా రాలుతున్నాయి. కోటు చేతి అంచు దగ్గర సన్నగా పొగ.

ఎడ్వర్డ్ స్తంభానికున్న ఎర్ర బటన్‌ని పిడికిలితో గుద్దాడు. సైరన్. క్రేను కుదుపుతో ఆగింది. ఉక్కు అంచుదాకా వచ్చి వెనక్కి వాలింది. సింహాద్రి ఆగి వెనక్కి తిరిగాడు.

"ఎవరండీ ఈ తాగుబోతులు? సెక్యూరిటీ!" హేమశ్రీ మైకులో అరిచింది.

గంగాలమ్మ ఎవరి మాటా వినలేదు. తిన్నగా వెళ్లి కొడుకు ముసుగు పీకింది, కోటు విప్పించింది.

"ఏటే అమ్మా, అందరి ముందూ! పరువు తీసేత్తన్నావ్," అన్నాడు సింహాద్రి చెమటలు కారుతూ.

"నోర్ముయ్. బతికుంటే పరువు రేపు సూసుకుందాం."

కోటు లైనింగ్ పీకి ఒక చేత్తో పట్టుకుంది. తెచ్చిన రేకు రెండో చేత్తో. "బాబూ, ఐసెయ్."

ఎడ్వర్డ్ రెండింటి మీదా ఒక్కో ముక్క పెట్టాడు. రేకు మీది ముక్క ఆమె అరచేతి వేడికే కళ్లముందు కరిగి మోచేతి దాకా కారింది. కోటు లైనింగ్ మీది ముక్క దర్జాగా కూర్చుంది.

కెమెరాలన్నీ అటే తిరిగాయి.

"ఇదంతా డ్రామా!" హేమశ్రీ గొంతు కీచుమంది. "సర్టిఫికెట్ ఉంది. ఆ కోటు హండ్రెడ్ పర్సెంట్ సేఫ్!"

"అయితే నువ్వేసుకో తల్లీ," అంది గంగాలమ్మ. "మా గుంటడు నీ మైకు అట్టుకుంటాడు."

హేమశ్రీ ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ ఒక్క అడుగే చాలింది, అందరికీ అర్థమైపోయింది. మరుక్షణం హ్యాండ్‌బ్యాగ్‌లోంచి లిప్‌స్టిక్ తీసింది. మూత తిప్పితే సన్నటి సూది బయటికి వచ్చింది. శ్రీరామ్మూర్తి మెడ మీది ఎర్రచుక్క ఎడ్వర్డ్ కళ్లముందు మెదిలింది. అతను కదిలేలోపే సింహాద్రి లావుపాటి తోలు గ్లవ్ ఆమె మణికట్టు మీద పడింది. సూది ఆ తోలులో దిగి విరిగిపోయింది.

వాన్‌హోల్ట్ దండ తెంపుకుని కారెక్కాడు. గేటు దాకా వెళ్లాడు. అక్కడ అడ్డంగా ఐసు వ్యాను. కిందికి దిగి పరిగెత్తబోయి, వ్యానులోంచి కారిన చేపల నీళ్ల మీద జారి పడ్డాడు. ఆరు పాస్‌పోర్టులూ తడిసిపోయాయి.

సాయంత్రం మేడమీద గదిలో భీమశంకరరావు రిపోర్టు చదువుతున్నాడు. చీఫ్ డ్రాఫ్టులో "ఒక వర్కర్" అని రాసిన ప్రతిచోటా ఎడ్వర్డ్ కొట్టేసి "సింహాద్రి, గంగాలమ్మ కొడుకు" అని దిద్దాడు. మొదటి పేజీలో కొత్తగా ఎడ్వర్డ్ చేత్తో ఒక లైను: "శ్రీరామ్మూర్తి నిజం రాసిచ్చాడు. నేను చదవలేదు."

"ఆర్డర్ ధిక్కరించావు," అన్నాడు భీమశంకరరావు తలెత్తకుండా.

"అవును సార్. మళ్లీ అదే ఆర్డరిస్తే మళ్లీ ధిక్కరిస్తాను."

చీఫ్ పేజీ తిప్పాడు. వాడిన పరికరాలు అన్న చోట ఒకే మాట ఉంది: ఐసు.

"పైవాళ్లు ప్రూఫ్ అడుగుతున్నారు. ఆ ఐసుముక్కలు ఏవి?"

"కరిగిపోయాయి, సార్. కోటు మీదిది కొంచెం ఆలస్యంగా."