పదో చెయ్యి

మక్తల్ దాటి రాయచూరు రోడ్డున పోతుంటే ఎడమ పక్కన ఒక పాత పల్లీల మిల్లు ఉండేది. అది మూతపడి చాలా ఏళ్లయింది. తెలంగాణ వచ్చిన కొత్తలో ఒకాయన దాన్ని కిరాయికి తీసుకుని, గోదాములకు సున్నం కొట్టించి, నర్సింగు స్కూలు పెట్టాడు. ఏఎన్ఎం, రెండేళ్ల కోర్సు, హాస్టల్ వసతి కలదు. అన్ని గదులకూ సున్నం పడింది గానీ కాంటా గదికి పడలేదు. సున్నం కొట్టేవాళ్లు అందులో కాలు పెట్టలేదట.

కాంటా గది అంటే ఒకప్పుడు పల్లి బస్తాలు తూచిన గది. గేటుకూ హాస్టల్‌కూ సరిగ్గా నడుమ ఉంటుంది. రాత్రి పది దాటాక దాని మెట్ల మీద ఎవరో కూర్చుంటారని పేరు.

ఎవరు... ఎందుకు... ఎవరికీ తెలియదు. చూసినవాళ్లు లేరు. చూసినవాళ్లను చూసినవాళ్లు మాత్రం ప్రతి బ్యాచ్‌లో ఇద్దరు ముగ్గురు తేలేవాళ్లు. తెల్ల చీర అని ఒకరు, విరబోసిన జుట్టు అని ఒకరు, పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని ఇంకొకరు.

వాచ్‌మన్ వీరేశం ఇవేవీ నమ్మడు. నమ్మడు గానీ, పది కొట్టకముందే గేటుకు తాళం వేసి ఇంటికి పోయి పడుకుంటాడు. తన కాపలా గేటుకే గానీ కాంటా గదికి కాదని ఆయన వాదం. ఈ సంగతి హాస్టల్ పిల్లలకు తెలియదు. రాత్రి అటు పోయేవాళ్లుంటే కదా తెలిసేది.

ఆ స్కూల్లో చదివిన మల్లీశ్వరికి జరిగింది విన్నది విన్నట్టు చెబుతున్నాను.

మల్లీశ్వరి గొర్రెలు కాసే బీరన్న బిడ్డ. వాళ్లింట్లో ఇంటర్ దాటిన మొదటి మనిషి. చదువులో చురుకే. ఎముకల పేర్లన్నీ నోటికి వచ్చు. టీకాలు ఏ నెలకు ఏవో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. రానిది ఒక్కటే – నాడి చూడటం.

మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించాలి, అంతే పని. ఈమె ఆనించదు, పట్టుకుంటుంది. చిన్నప్పటి నుంచి గొర్రె కాళ్లు పట్టిన చెయ్యి. గొర్రెను మెల్లగా పట్టుకుంటే నిలుస్తుందా? ఆ పట్టుకు ఎంతటివాళ్ల నాడైనా అణిగిపోయేది.

మొదటిసారి ప్రాక్టికల్ పరీక్షలో, పేషెంటుగా కూర్చోబెట్టిన పెద్దమనిషి చెయ్యి రెండు నిమిషాలు పిసికింది. దొరకలేదు. కంగారులో బాపు చేసే పని చేసింది. మందలో గొర్రెకు సుస్తీ చేస్తే బీరన్న వెనక కాలు తొడ లోపల వేళ్లు పెట్టి చూస్తాడు. మల్లీశ్వరి వంగి పెద్దమనిషి పంచె అంచు పట్టుకుంది. మోకాలి దాకా పోకముందే స్కూలు మేడమ్ ఆపేసింది. పరీక్ష తప్పింది.

మిగిలింది ఒక్క అవకాశం. ఈసారీ తప్పితే పేరు తీసేస్తారు. ఇంటికి ఫోన్ చేస్తే బీరన్న ధైర్యం చెప్పాడు.

“ఫికర్ జేయకు బిడ్డా. తప్పితే ఇంటికొచ్చెయ్. నీ వంతుకు నలభై గొర్లు పక్కకు వెట్టిన.”

ఆ ధైర్యంతో మల్లీశ్వరికి నిద్ర పట్టడం మానేసింది. గొర్రెలంటే చిన్నచూపు లేదు. ఊళ్లోకి సూది మందు వెయ్యడానికి వచ్చే సిస్టరమ్మను చూసిన రోజు నుంచీ తనూ అట్లా సంచీ వేసుకుని ఇల్లిల్లూ తిరగాలని కోరిక. ఆ కోరిక తప్ప ఆమెకు వేరే ఏదీ లేదు.

పరీక్ష నాటికి కేస్ బుక్ నింపాలి. పది మంది నాడి చూసి పేరు, వయసు, నిమిషానికి ఎన్నిసార్లు కొట్టిందో రాయాలి. దానికి స్కూల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరినీ చూడకుండా పది పేర్లు రాసేసి, అందరి పక్కనా డెబ్బై రెండు వేసుకోవడం. మల్లీశ్వరికి అది చేతకాలేదు. పొద్దుగూకి మంద లెక్కపెట్టినప్పుడు ఒకటి తక్కువైతే తక్కువైందనే చెప్పాలని ఆమెకు నేర్పారు. ఎక్కువ చెబితే ఏమవుతుందో తెల్లారి తోడేలే చెబుతుంది.

తొమ్మిది చేతులు ఎట్లాగో అయ్యాయి. ఒక్కోదానికి అరగంట పట్టింది. అదీ పక్క మంచం హరిత వేళ్లు సర్ది పెడితేనే. పదోది మిగిలింది. తెల్లారితే పరీక్ష.

“హరితా... ఒక్కసారి నీ చెయ్యియ్యవే.”

“నా చెయ్యి అరిగిపోయింది,” అంది హరిత దుప్పటి లోపలి నుంచే. “పోయి గేటు కాడ వీరేశం తాతను వట్టుకో.”

హరిత ఊరికే అంది. పరీక్ష ముందు రోజు మల్లీశ్వరికి హాస్యం అర్థం కాదు. కేస్ బుక్కు, గడియారం, ఫోను పట్టుకుని బయటికి నడిచింది.

రాత్రి పదకొండు దాటింది. మాఘమాసం చలి. గేటు దగ్గర మంచం ఖాళీగా ఉంది... తాళం వేలాడుతోంది. తాత ఎటో పోయాడనుకుని వెనక్కి తిరిగింది.

కాంటా గది మెట్ల మీద ఎవరో కూర్చుని ఉన్నారు.

మల్లీశ్వరి ఆగింది. ఫోన్ లైటు వేసింది. ఒక అవ్వ. తెల్ల చీర కాదు, ఆకుపచ్చ నేత చీర. జుట్టు నున్నగా దువ్వి కొప్పు పెట్టింది. పాదాలు ముందుకే ఉన్నాయి. లక్షణాలు మూడూ కలవలేదు కాబట్టి దెయ్యం కాదని తేల్చుకుంది. పరీక్షలకని ఏ పిల్ల కోసమో ఊరి నుంచి వచ్చిన అవ్వ అయి ఉంటుంది.

అప్పటిదాకా అరుస్తున్న కీచురాళ్లు ఆగిపోయాయి. మల్లీశ్వరికి అది మంచిదే అనిపించింది. లెక్కపెట్టేటప్పుడు చప్పుడు ఉండకూడదు.

“అవ్వా... నిద్ర వడ్తలేదా?”

అవ్వ తల అడ్డంగా ఊపింది.

“జర నీ చెయ్యిస్తవా? నాడి సూస్త. రేపు నాకు పరీక్ష.”

అవ్వ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా... చెయ్యి చాపింది.

చెయ్యి చల్లగా ఉంది. చలికాలం, రాతి మెట్లు, ఉండదా మరి. మల్లీశ్వరి పక్కన కూర్చుని మణికట్టు పట్టుకుని గడియారం చూసింది. అర నిమిషం... నిమిషం... ఏమీ లేదు.

“గట్టిగ వట్టకు,” అవ్వ గుసగుసగా అంది. “గొర్రె కాలు గాదు. పసిపిల్ల చెంప ముట్టినట్టు ముట్టు.”

“గిట్లనా?”

“ఇంకా.”

“గిట్ల?”

“ఆఁ... గట్ల.”

అంత తేలికగా ఆమె ఎప్పుడూ ఎవరినీ ముట్టుకోలేదు. అయినా ఏమీ లేదు. రెండో చెయ్యి చూసింది – లేదు. మోచేతి మడత – లేదు. గొంతు పక్కన వేళ్లు ఆనించింది – అక్కడా లేదు.

“దొరికిందా?”

“లేదవ్వా.”

“దేవులాడు బిడ్డా. నాకేం జల్ది లేదు.”

ముప్పావు గంట దేవులాడింది. ఇక ఏడుపు ఆగలేదు. ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్న మనిషి నాడి కూడా పట్టలేని తనకు నర్సు చదువెందుకు? జిల్లా మొత్తంలో తన అంత పనికిమాలినది లేదనుకుంది.

“నా తోని గాదు అవ్వా. నేను వొయ్యి గొర్లు గాసుకుంట.”

“ఏడువకు. నీ చెయ్యి మంచిగనే ఉంది.” అవ్వ తన మణికట్టు వైపు చూసుకుంది. “నన్ను ముట్టినోళ్లు లేక చానా రోజులైంది.”

మల్లీశ్వరి ముక్కు తుడుచుకుని పుస్తకం తీసింది. లెక్క లెక్కే. “పేరేంది అవ్వా?”

“గోపమ్మ.”

“వయసు?”

“అరవై అని రాయి. గాడనే ఆగింది.”

రాసింది. నాడి – దొరకలేదు. అవ్వకు దండం పెట్టి వెళ్లి పడుకుంది.

తెల్లారి పరీక్ష పెట్టడానికి పాలమూరు నుంచి సుహాసిని మేడమ్ వచ్చింది. ముప్పై ఏళ్ల సర్వీసు. మొదటి ఉద్యోగం మక్తల్ దవాఖానలోనే చేసిందని, నవ్వడం ఎవరూ చూడలేదని పిల్లలు చెప్పుకున్నారు. పోయినసారి పేషెంటుగా కూర్చున్న పెద్దమనిషి, లిస్టులో మల్లీశ్వరి పేరు ఉందని తెలిసి రాలేదు.

“నాది సూడు,” అని మేడమే ఎడమ చెయ్యి చాపింది.

మల్లీశ్వరి కళ్లు మూసుకుంది. పసిపిల్ల చెంప అనుకుని మూడు వేళ్లు ఆనించింది. ఆనించీ ఆనించగానే – కొట్టింది. నిదానంగా, స్పష్టంగా, వేలి కిందే. ఇంత సులువా అని ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

“డెబ్బై ఆరు, మేడమ్.”

మేడమ్ తన గొంతు దగ్గర వేళ్లు పెట్టుకుని తనే లెక్కపెట్టుకుంది. డెబ్బై ఆరు. కాగితం మీద ఏదో వేసింది. పాస్ మార్కుల కంటే ఎక్కువే వేసిందని మల్లీశ్వరి తలకిందులుగా కూడా చదవగలిగింది. నలభై గొర్రెలు ఎటో దూరంగా వెళ్లిపోయాయి. ప్రాణం లేచొచ్చింది.

“ఇగ శ్వాస లెక్కవెట్టు.”

శ్వాస లెక్కపెట్టడానికి ఒక పద్ధతి ఉంది. చూస్తున్నారని తెలిస్తే పేషెంటు ఊపిరి మారుతుంది. అందుకని చెయ్యి వదలకుండా, ఇంకా నాడే చూస్తున్నట్టు పట్టుకుని ఉండాలి. మల్లీశ్వరి అట్లాగే పట్టుకుని ఉంది. మేడమ్ కుడి చేత్తో కేస్ బుక్కు తిప్పింది.

“అందరి బుక్కులల్ల డెబ్బై రెండే. నీదొక్కటే నిజం బుక్కు లెక్కుంది.” పేజీ దగ్గర ఆగింది. “పదోది దొరకలే అని రాసినవ్. ఇంత మంచిగ సూసేదానివి, గీమెది ఎట్ల దొరకలే?”

“ఏమో మేడమ్. రెండు చేతులు సూసిన. మెడ గూడ సూసిన.”

“యాడ సూసినవ్?”

“రాత్రి మేడమ్... కాంటా గది మెట్ల మీద...”

అంటుండగానే మల్లీశ్వరి తన మూడు వేళ్ల వైపు చూసుకుంది. వేళ్ల కింద నాడి చక్కగా కొడుతోంది. వేళ్లలో తప్పు లేదు. వేళ్లలో తప్పు లేకపోతే –

సుహాసిని మేడమ్ ఆ పేజీ మళ్లీ చదివింది. “గోపమ్మ... అరవై...” చాలా మెల్లగా అంది. “నా మొదటి నౌకరిల, గీ మిల్లు నుంచి ఒకామెను తెచ్చిండ్రు. బస్తాలు మీద వడ్డయని. చెయ్యి వట్టి సూసింది నేనే. నేను గూడ దొరకలే అనే...”

అక్కడితో ఆపేసింది. ముఖంలో ఏ మార్పూ లేదు. ముప్పై ఏళ్ల సర్వీసు ముఖం అది.

చెయ్యి మాత్రం ఇంకా మల్లీశ్వరి దగ్గరే ఉంది. నాడి ఎనభై అయింది. తొంభై... నూట పది... నూట ముప్పై. మల్లీశ్వరి ఒక్క దెబ్బ కూడా తప్పకుండా లెక్కపెట్టింది.