రాయమల్లు బ్యాటరీ

మా బొగ్గుబాయి కాలనీలో ఫ్యాన్ ఆగినా, మోటారు కాలినా జనం ముందు దేవుణ్ణి తలవరు, నన్ను తలుస్తరు. పర్శరాములంటే ఊరికే కాదు. జిందగీ అంతా ల్యాంపురూంలో పనిచేసిన. బాయిలోకి దిగే ప్రతి మనిషికి నెత్తిన దీపం, నడుముకు దాని బ్యాటరీ కట్టి పంపింది నేను. పైకి వచ్చినంక వాటిని తీసుకొని చార్జింగుకు పెట్టింది నేను. ఆకాశానికి సూర్యుడెట్లనో, భూమి లోపలికి నేనట్ల. ఒకసారి పిడుగు వైరెంట బడి ల్యాంపురూంలకే వచ్చింది. దాని కొస పట్టుకొని గుంజి భూమిలోకి తోలిన. నమ్మనోళ్లు నా అరచెయ్యి చూడొచ్చు. చిన్న మచ్చ గూడ లేదు.

అసొంటి నన్ను పట్టుకొని ఉమారాణి అడిగింది, "పెద్దబాపూ, నెట్ లేకుండనే ఫోన్ల పుస్తకాలు వచ్చే డబ్బా ఉంటదట. నీతోని అయితదా?" అని.

"అయితదా అని అడుగకు బిడ్డా. సాయంత్రం దాక ఆగాల్నా అని అడుగు."

సాయంత్రమన్న మాట నిజమే. ఏ సాయంత్రమో చెప్పలే.

ఉమారాణి మా ప్రేమ్‌సాగర్ బిడ్డ. వాని ఊపిరితిత్తులు బొగ్గుదుమ్ముకు పాడైతే, అన్‌ఫిట్ అని ఇంటికి పంపి, పద్ధతి ప్రకారం ఆ కొలువు బిడ్డకిచ్చిండ్రు. తండ్రి పంపు నడిపినోడు. బిడ్డకూ పంపు డ్యూటీయే పడ్డది, పక్క బాయిలో. ఆ పిల్లకు బాయంటే వణుకు. టీచరు పరీక్ష పాసై ఆ చీకట్ల నుంచి బయట పడాలె, అదొక్కటే ధ్యాస. "నీళ్ల చప్పుడు ఇనరాని కొలువు గావాలె పెద్దబాపూ," అనేది. చదువుకుందామంటే క్లబ్బు లైబ్రరీకి తాళం పడ్డది. ఫోన్ల చూద్దామంటే ఓపెన్‌కాస్టు గనిల తవ్విపోసిన మట్టిగుట్టలు కాలనీ చుట్టూ లేచి, టవరు సిగ్నల్‌ను గుటుక్కున మింగినయ్.

డబ్బా పని నాకు చాయ్ తాగినంత. అరచేతిలో పట్టే రూటర్ ఒకటి తెచ్చిన. దాంట్లోని సరుకు తీసేసి, ఇట్లాంటి పనికని పుణ్యాత్ములు ఊరికే పంచే సాఫ్టువేరు ఎక్కించిన. హక్కులు తీరిపోయిన పాత కతలు, ఫుకట్ల దొరికే బడిపుస్తకాలు మంచిర్యాలకు పోయి పెన్‌డ్రైవు నిండ దింపుకొచ్చి, డబ్బాకు గుచ్చిన. ఇగ ఫోన్ల వైఫై తెరిస్తే 'బాయి పుస్తకాలు' అని పేరు కనవడుతది. పట్టుకుంటే పుస్తకాలు దిగుతయ్. నెట్ అక్కర లేదు, రీఛార్జి అక్కర లేదు. ఇది చూసిన ఒక ఇంజనీరు నా కాళ్లు మొక్కబోయిండు. నేనే వద్దన్న.

ఒక్కటే కొరత, కరెంటు. మా కాలనీల అది చుట్టమోలె వచ్చిపోతది. డబ్బా ఆగకుండ నడువాలంటే గట్టి బ్యాటరీ కావాలె.

మా బాయి మూతబడి ఏండ్లయింది. పంపులు ఆపినంక లోపలంత నీళ్లు నిండినయ్. ల్యాంపురూంలోని దీపాలన్నీ తుక్కు కింద వేలంల పోయినయ్. ఒక్కటి మాత్రం మూల కొక్కానికి అట్లనే ఉన్నది. కొన్నోడు గూడ దాన్ని ముట్టుకోలే. అది రాయమల్లు దీపం.

మా దగ్గర ఒక కట్టుబాటు ఉన్నది. బాయిలో సచ్చిపోయినోని దీపాన్ని మళ్ల చార్జింగుకు పెట్టరు. దీపం నిండిందంటే ఆ మనిషి డ్యూటీ ఎక్కినట్టేనట. రాయమల్లు పంపు నడిపేటోడు. పంపు దగ్గరి మనిషికి ఇంకో కట్టుబాటు: తన జాగల నిలవడే రిలీవర్ వచ్చేదాక జాగ ఇడువొద్దు. ఆ వానకాలం రాయమల్లుకు రిలీవర్‌గా పోవాల్సింది ప్రేమ్‌సాగర్. వాడు తాటివనంల కల్లు ముంత ముందట కూసున్నడు. నీళ్లు ఎగదన్నినయ్. తోటోళ్లు పిలిచినా రాయమల్లు కదల్లేదట. "రిలీవర్ రాలే గదా," అన్నడట. అదే ఆఖరి మాట. నీళ్లు తోడినంక శవాన్ని, దాంతోని ఈ దీపాన్ని పైకి తెచ్చిండ్రు.

ఆయన పెండ్లాం ఎల్లక్క ఒక్కనాడు ప్రేమ్‌సాగర్‌ను తిట్టలే. పైగా ఉమారాణిని ఎత్తుకొని పెంచింది. ధర్మాత్మురాలు అని కాలనీ అంత పేరు.

సరే, కట్టుబాట్లు భయపడేటోళ్లకు. నేను దీపం దించిన, బ్యాటరీ ఊడదీసిన. లోపల ఎండి పెంకైంది. ఆసిడ్ పోసి చార్జింగుకు పెట్టిన. చూడాలె నా హస్తవాసి! అన్నేండ్లు పీనుగై ఉన్న బ్యాటరీ, కొత్త పెండ్లికొడుకోలె లేచి కూసున్నది. మూతమీద చెయ్యి పెడితే వెచ్చగ తగిలింది.

ల్యాంపురూంలనే డబ్బా పెట్టినం. గోడలు మందం, వాన కారదు. మొదలుపెట్టే దినం ఉమారాణి పొద్దుగాలటి డ్యూటీ దిగి, తానం చేసి వచ్చింది. ఎల్లక్క వేయించిన మక్కపేలాలు కొంగుల కట్టుకొని వచ్చింది. మిగిలినోళ్లను వాన ఆపింది. పొద్దు ఇంకా గూకలే గని, మబ్బు దిగి గది లోపల మసక మసకగున్నది. తడి బొగ్గు వాసన. దాని కింద ఆసిడ్ వాసన. రేకుల మీద వాన.

"నాకు సదువు రాదు గద బిడ్డా, నాకెందుకే ఈ డబ్బా?" అన్నది ఎల్లక్క.

"నువ్వు సదువుడెందుకు పెద్దవ్వా, ఫోనే సదివి ఇనిపిస్తది. జర ఇటు కూసో."

"గా ముసల్ది ఇంటే నిద్రపోతది," అన్న నేను.

"నీ గొప్పలు ఇని ఎవ్వలు నిద్రపోలే పర్శరాములూ?" అన్నది ఎల్లక్క. ఉమారాణి పకపక నవ్వింది. ఆ నవ్వు నాకింకా యాదికున్నది.

పిల్ల ఒక నక్క కత దింపి, ఫోన్‌ను బల్ల మీద పెట్టింది. ఆడగొంతు మొదలైంది. మనిషి గొంతు కాదు, మిషన్ గొంతు. పుస్తకాల తెలుగును అక్షరం అక్షరం ఒత్తి పలుకుతున్నది. ఎల్లక్క నోరు తెరిచి వింటున్నది. అంతల కరెంటు పోయింది. డబ్బా మీది ఆకుపచ్చ చుక్క మాత్రం వెలుగుతనే ఉన్నది. "చూసిండ్రా! బ్యాటరీ అంటే గిట్లుండాలె," అన్న.

"నక్క ఏటి ఒడ్డుకు చేరి," అంటున్నది ఫోను, "నీటిలోకి తొంగి చూసి, తన నీడను చూసి… నీళ్లు మోకాళ్ల దాక వచ్చినయ్."



అదే గొంతు. అదే నిదానం. "నీళ్లు మోకాళ్ల దాక వచ్చినయ్. రిలీవర్ రాలే."

"పెద్దబాపూ… గిది కతల లేదు," అన్నది ఉమారాణి. ఆమె వేలు తెర మీదున్నది. తెర మీద నక్క కతే ఉన్నది.

"ఫోను ఆపు బిడ్డా."

ఆపింది. తెర నల్లగైంది. గొంతు ఆగలే.

"నడుముల దాక వచ్చినయ్. సల్లగున్నయ్."

అప్పుడు విన్న. వాన చప్పుడు కాదు. అడుగుల కింద, భూమి లోపల, ఏదో కొట్టుకుంటున్నది. దడ్… దడ్… దడ్… ఉమారాణి నేల దిక్కు చూసింది. దినాం ఆ చప్పుడు పక్కన కూసునే పిల్ల ఆమె. "పంపు," అన్నది గొణుగుతూ. "పంపు నడుస్తున్నది పెద్దబాపూ. మూతబడ్డ బాయిల…"

నేను భయపడలే. రాసుకోండి, భయపడలే. బల్ల దగ్గరికి ఒక్క దుంకు దుంకి బ్యాటరీ వైర్లు పీకిన. రెండు వైర్లు నా చేతిలున్నయ్. కొసలు గాలిల ఊగుతున్నయ్. ఆకుపచ్చ చుక్క… వెలుగుతనే ఉన్నది.

"ఛాతీ దాక వచ్చినయ్," అన్నది గొంతు. "జాగ ఇడువలే. రిలీవర్ వచ్చిండా?"

ఎల్లక్క లేచింది. పేలాలు కొంగుల నుంచి రాలినయ్. ఆమె చూసుకోలే. పెండ్లికూతురోలె తలకాయ వంచి, ఫోన్ దగ్గరికి ముఖం తెచ్చింది.

"సల్లగున్నయా?" అన్నది, మెల్లగ. "సలి పెడుతున్నదా నీకు?"

"రిలీవర్ వచ్చిండా?"

"వదినే, మాట్లాడకు!" అన్న నేను.

ఆమె నా దిక్కు చూడనే లేదు. ఉమారాణి దిక్కు చూసింది. అన్నం తినిపించేటప్పుడు చూసిన చూపే. చెయ్యి చాపి పిల్ల చెంప నిమిరింది.

"పెద్దవ్వా… ఇంటికి పోదాం పా."

"వచ్చింది," అన్నది ఎల్లక్క ఫోన్‌తోని. "ప్రేమ్‌సాగర్ కొలువు బిడ్డకొచ్చింది. పద్ధతి ప్రకారమే వచ్చింది. ఈడనే కూసున్నది. పేరు ఉమారాణి."

పంపు ఆగింది.

ఆకుపచ్చ చుక్క ఆరింది.

చీకటి… నేను ఎన్నో చీకట్లు చూసిన. అది వేరే. ఆ చీకట్ల నా పక్క నుంచి ఎవరో నడిచి పోయిండ్రు. తడికాళ్ల చప్పుడు. బీడి వాసన. నా భుజానికి ఒక మోచెయ్యి తగిలింది, డ్యూటీ దిగి బయటికి పోయే మనిషి మోచెయ్యి తగిలినట్టే. తలుపు కిర్రుమన్నది. వెనుకనే ఎల్లక్క గొంతు, చిన్నపిల్ల గొంతోలె: "మెల్లగ నడువు. గడప ఉన్నది."

నేను అగ్గిపుల్ల గీసిన.

ఉమారాణి స్టూలు మీద కూసునే ఉన్నది. కండ్లు తెరిచి ఉన్నయ్. నా దిక్కే చూస్తున్నయ్. ఏదో చెప్పనీకి నోరు తెరిచింది. మాట రాలే. నీళ్లు వచ్చినయ్. నల్లటి నీళ్లు, బొగ్గు నుసితోని, సన్నగ గదుమ మీదికి, ఛాతి మీదికి… ఆగకుండ వచ్చినయ్. ఆమె బట్టలు తప్ప గదిల ఇంకేదీ తడవలే. నేను బోర్ల పండుకోబెట్టి వీపు ఒత్తిన. ఎందరినో గట్లనే బతికించినోణ్ణి. ఆ పిల్ల మాత్రం ఒకసారి నా వేలు గట్టిగ పట్టుకున్నది. మళ్ల ఇడిసింది.

దవాఖానల డాక్టరు ఊపిరితిత్తులు చూసి, "ఏ చెరువుల పడ్డది?" అని అడిగిండు.

శవం దగ్గర ప్రేమ్‌సాగర్ తలకాయ నేలకేసి కొట్టుకుంటున్నడు. దగ్గుతున్నడు, ఏడుస్తున్నడు, మళ్ల దగ్గుతున్నడు. ఎల్లక్క వాని తలను ఒళ్లె పెట్టుకొని నిమిరింది. "ఊకో తమ్మీ," అన్నది. "నేను గూడ గిట్లనే ఏడ్చిన. కొన్ని దినాలకు అలవాటైతది." కాలనీ ఆడోళ్లంత, ఎంత మనసున్న మనిషో అని కండ్లొత్తుకున్నరు. ఆ దినం నుంచి ఆమె పొయ్యి మీద ఇద్దరి కూడు ఉడుకుతున్నది. వాకిట్ల బీడి ముక్కలు కనవడుతున్నయ్.

డబ్బాను నేను సుత్తెతోని పిండి చేసిన. బ్యాటరీని గోదావరి నడుమ పారేసిన. వరద మీదున్న గోదావరి సుమా, ఇంకొకడైతే ఒడ్డుకే రాకపోతుండె. పని ఖతం అనుకున్న.

మొన్న ఎల్లక్క మా ఇంటికి వచ్చింది. కొంగుల పేలాలు. నా ఎదురుగ పీట మీద కూసుండి, ఒక్కొక్కటి నోట్లె ఏసుకుంటున్నది.

"నా ఫోన్ల పిల్ల సదువుతున్నది పర్శరాములూ," అన్నది.

"ఏ పిల్ల?"

"ఇంకే పిల్ల? ఉమారాణి. దినాం కత సదువుతది. గొంతు మస్తుగున్నది, మిషన్ గొంతు లెక్క లేదు. నడుమ నడుమ వణుకుతది. సలి గద."

"డబ్బా లేదు గద వదినే."

"లేదు. కత అయినంక ఒక్కటే మాట అడుగుతది. రిలీవర్ ఎవ్వలు పెద్దవ్వా, అని." ఇంకో పేలం నమిలింది. "ఆడిపిల్ల, ఎన్ని దినాలని నిలవడుతది? నాకే పాపమనిపించింది. ఎవ్వల పేరు జెప్పాలె? పిల్లలున్నోళ్లు, కొలువులున్నోళ్లు… అందరికి ఏదో పనున్నది."

కొంగుల నుంచి ఇంకొకటి ఏరుకున్నది.

"నీ పేరు జెప్పిన," అన్నది. "రిటైరైనోనివి. ఊకనే కూసుంటున్నవ్."

నేను నవ్విన. పెద్దగ నవ్విన. నా అంత ఈతగాడు ఈ జిల్లాల లేడు, నన్ను ముంచే నీళ్లు ఇంకా పుట్టలే అన్న. ఆమె గూడ నవ్వింది. పొట్టు దులుపుకొని పోయింది.

ఇయ్యాల పొద్దుగాల తలుపు తీసిన. గడప బయట ఒక జత గంబూట్లు ఉన్నయ్. బాయిలోకి తొడిగేవి. నావి కావు. నావి రిటైరైన నాడే స్టోర్ల అప్పజెప్పిన. ఎవరో కడిగి, తుడిచి, ముక్కులు బాయి బాట దిక్కు పెట్టి, పక్క పక్కన నిలబెట్టిండ్రు.

భయపడేటోన్ని కాదు గద. కాలు పెట్టి చూసిన.

సరిగ్గ నా కొలతే.

లోపల… వెచ్చగున్నయ్.