చక్కెర తాకిన ఇనుము

మా అన్నయ్యను బజారంతా కొలబద్ద అని పిలుస్తుంది. మనిషిని ఒక్క చూపుతో కొలిచి, వీడింతే అని తేల్చేస్తాడు. ఏడో తరగతిలో బడి మాన్పించి నన్ను వెల్డింగ్ షాపులో నిలబెట్టాడు. పోనీలే. కానీ జీవితాంతానికీ నాకు ఒకే కొలత వేసిపెట్టాడు చూడండి, అది మాత్రం మింగుడు పడదు. ఈ ప్రేమకథలో విలన్ ఆయనే. ముందే చెప్పేస్తున్నాను.

కాలేజీ ల్యాబ్ మేడమ్ ఒక మధ్యాహ్నం మా షాపుకొచ్చింది. చేతిలో కాగితం మీద మెలికలు మెలికలుగా గీసిన బొమ్మ.

"ఇదేంటి మేడమ్, పేగులా?"

"ప్రోటీన్."

"జిమ్ కుర్రాళ్ళు డబ్బాలకి డబ్బాలు తాగేదా?"

"వాళ్ళు తాగేది తిండి. ఇది పనివాడు. మీ ఒంట్లో ఇప్పుడు కూడా పనిచేస్తోంది."

"నాకో మాటైనా చెప్పకుండానా?"

ఆవిడ పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంది. నలభై దాటిన మనిషి అలా నవ్వు ఆపుకుంటే ఎంత బాగుంటుందో ఇరవైల్లో ఉన్నవాళ్ళకి అర్థం కాదు.

పిల్లలు చేత్తో పట్టుకుని నేర్చుకునేలా ఆ బొమ్మను ఇనుముతో చేసివ్వాలట. కడ్డీ మెలితిప్పి రెండు ముద్దలు, మధ్యలో సందు, వెనక మడత బందు. అన్నీ చెప్పినట్టే చేశాను. చివర్లో చూస్తే ఊగుతోంది. నాకు పౌరుషం వచ్చి బందు మీద గట్టిగా వెల్డింగ్ కొట్టేశాను.

ఆవిడ వచ్చి పట్టుకుని ఊపింది. ఊగలేదు. మొహం ఎర్రబడింది.

"ఎవరు బిగించమన్నారు?"

"ఊగే పని మా షాపు గడప దాటదు మేడమ్."

"ఊగడానికే కదండీ బందు పెట్టమన్నది! కదలకపోతే ఇదేం పనిచేస్తుంది? చంపేశారు దీన్ని!"

నేనూ తగ్గలేదు. "ఇనుముకి ప్రాణమెక్కడిది?"

ఆవిడ విసురుగా లేచింది. అంతలో రేకుల మీద దబదబా వాన. వెళ్ళడానికి లేదు, మాట్లాడడానికి ఇష్టం లేదు. గ్రైండర్ తీసి నా వెల్డింగ్‌ను నేనే కోసుకుంటూ కూర్చున్నాను. నిప్పురవ్వలు చల్లారాక ఆవిడ కోపం కూడా కాస్త చల్లారింది. బల్ల మీద ఉన్న నట్టు తీసి అరచేతుల మధ్య పెట్టుకుంది.

"ఇది చక్కెర, నా చేతులు ఆ రెండు ముద్దలు. చేతులు ముందే మూసుంటే లోపలికి రాలేదు. వచ్చాక మూసుకోకపోతే నీళ్ళు దూరి పని చెడగొడతాయి. అందుకే చక్కెర తగలగానే ఇలా..." చేతులు మూసింది.

"అంటే అంతదాకా దాని ఆకారం దానికే తెలీదా?"

"కుదురుగా ఉండదు, రకరకాలుగా కదుల్తూ ఉంటుంది. చక్కెర వచ్చాకే ఒక ఆకారంలో నిలబడుతుంది."

"వయసు మీద పడ్డాక కూడానా?"

"ప్రోటీన్‌కి వయసేంటండీ?"

"నేను ప్రోటీన్ గురించి అడగలేదు."

వాన తగ్గింది. ఆవిడ మాత్రం లేవలేదు.

తర్వాత ఆ బొమ్మకి ఎన్ని రిపేర్లు వచ్చాయో! స్ప్రింగ్ వదులైందని ఒకసారి, బిగిసిందని ఇంకోసారి. ఏ రిపేరూ లేకుండా వచ్చిన రోజున పెళ్ళి మాట ఆవిడే ఎత్తింది. నేను వెంటనే తలూపాను.

కొలబద్దకు తెలిసింది. మేడమ్ ముందే మొదలుపెట్టాడు.

"మేడమ్, మావాడికి నలభై ఏడు. చదువు లేదు, మాట తీరు లేదు. పుట్టినప్పుడెలా ఉన్నాడో ఇప్పుడూ అంతే. మీరు మారుస్తారా?"

"నేనెందుకు మారుస్తానండీ? ఆయన కదల్లేరని మీకెవరు చెప్పారు? కదలనిస్తే కదా తెలిసేది."

అన్నయ్య నావైపు తిరిగాడు. నాన్న ఇద్దరికీ వదిలివెళ్ళిన షాపులో సగం నాది; నేను బ్రహ్మచారిగా పోతే అంతా తన పిల్లలదే అని ఆయన లెక్క. "పెళ్ళే కావాలంటే నీ వాటా నా పిల్లలకి రాసిచ్చి బయటికి నడు."

భయపడతాననుకున్నాడు.

"ఎక్కడ సంతకం పెట్టాలి?" అన్నాను.

మేడమ్ నా చెయ్యి పట్టుకుంది. "ఆగండి! హక్కు మీది. కోర్టుకెళ్దాం."

"కోర్టుకెళ్తే పదేళ్ళు మేడమ్. నాకంత టైం లేదు."

"ఇంకా మేడమేంటి?" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

అన్నయ్య మొహం చూడాల్సింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆయన కొలత తప్పింది.

రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్ళి చేసుకున్నాం. ఇప్పుడు ఆవిడ ఇంటి వరండాలోనే నా వెల్డింగ్ మిషన్. మోసపోయావని దారినపోయేవాళ్ళు జాలి పడుతుంటారు. ఆ జాలి మీ దగ్గరే ఉంచుకోండి. నేను వదులుకున్నదెంతో దాచాల్సిన పని నాకు లేదు: షట్టర్ వైపు సగం, రేకుల కప్పుతో సహా, ముప్పై రెండు చదరపు గజాలు.