నూట పది కిలోమీటర్లు

"చార్జింగ్ పెట్టానని అబద్ధమెందుకు చెప్పారు?"

ఆసుపత్రి వెనక షెడ్డులో డ్రైవరు తలెత్తి చూసేసరికి నర్సు ఎదురుగా నిలబడి ఉంది. మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లి సూదులు వేయడం ఆమె పని. ఉద్యోగంలో చేరి వారమే అయింది. ఆ ఎలక్ట్రిక్ కారు ఆమె చేతికొచ్చింది ఆ పొద్దుటే. అంతకుముందు దాన్ని నడిపినవాడు అతనొక్కడే.

"అబద్ధం కాదండీ. మీకిచ్చేటప్పటికి సగం పైనే ఉంది."

"స్క్రీన్ మీద నూట పది కిలోమీటర్లని చూపించింది. నేను తిరగాల్సింది డెబ్బై. మరి కొండ మలుపులో ఎందుకు ఆగిపోయింది?"

"హీటర్ వేశారా?"

"వెయ్యనా మరి? వేళ్లు కొంకర్లు పోతుంటే సూది ఎలా పట్టుకోను?"

"ఎంత స్పీడులో వెళ్లారు?"

"నేనేమైనా కోర్టు బోనులో ఉన్నానా?"

అతను చార్జింగ్ తీగ నెమ్మదిగా చుట్టడం మొదలుపెట్టాడు. ఆ నిదానం ఆమెకు ఇంకా ఒళ్లు మండించింది. అందరూ అతన్ని నత్త అని ఎందుకంటారో తెలిసిందనుకుంది.

ఆ పగలు కారు ఆగాక సంచి భుజాన వేసుకుని ఆమె రెండు కిలోమీటర్లు నడిచింది. నొప్పి తగ్గే సూది కోసం క్యాన్సర్ ముసలమ్మ అప్పటికి గంటసేపు ఎదురుచూసింది. తలుపు తీసింది కూతురు. గోడ గడియారం వంక చూసి, పక్కకు తప్పుకుంది. ఆ చూపును నర్సు భరించలేకపోయింది. సాయంత్రానికల్లా డ్రైవరు నిర్లక్ష్యమని ఆసుపత్రి నడిపే పెద్ద మేడమ్‌కు ఫిర్యాదు రాసిచ్చింది.

"రేపు సంతకం పెట్టు. అతన్ని తీసేస్తున్నాను," అంది పెద్ద మేడమ్.

మర్నాడు పొద్దున్నే అతను వచ్చాడు. "సంతకానికి ముందు ఒక్కసారి అదే దారిలో నాతో రండి. తర్వాత మీ ఇష్టం."

నర్సే నడిపింది. నిన్నటిలాగే చలి, హీటరు, వేగం. రాత్రి అతనే కారును వెనక్కి తెచ్చి, తన పద్ధతిలో తిప్పి, మళ్లీ అంతే చార్జింగ్ పెట్టాడు; బయల్దేరినప్పుడు స్క్రీన్ మీద నూట పది. పదిహేను కిలోమీటర్లు పోయేసరికి డెబ్బై. కొండ ఎక్కడం మొదలయ్యాక అంకె కళ్లముందే జారిపోతోంది.

"ఇదేంటి? ఎంతదూరం వచ్చామని?"

"ముందున్న దారి ఎలాంటిదో కారు చూడదండీ. ఇంతవరకు ఎలా నడిపారో దాన్నిబట్టి లెక్క కడుతుంది. ఆ నూట పది నేను నడిపే తీరుకి. మీ వేగానికి, ఈ చలికి, ఈ కొండకి కాదు. మీరు చూడాల్సింది పక్కనున్న బ్యాటరీ శాతం. కొత్తవారికి ఆ మాట ముందే చెప్పాల్సింది. అది నా తప్పే."

"అసలంత నెమ్మదిగా ఎందుకు నడుపుతారు?"

"నేను ఎక్కించుకునేవాళ్లంతా ఆపరేషనై ఇంటికెళ్లేవాళ్లు. బ్రేకు గట్టిగా పడితే పైకి ఏమీ అనరు, పళ్లు బిగబడతారు. అద్దంలో కనిపిస్తుంది. చూసి చూసి కాలికి అలా అలవాటైపోయింది."

కొండ దిగుడు మొదలైంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయమన్నాడు. బ్రేకు తొక్కకుండానే కారు నెమ్మదించింది. కాసేపటికి శాతం ఒక అంకె పెరిగింది.

"దిగేటప్పుడు మోటారే బ్యాటరీకి కరెంటు పంపుతుంది. పోయినదాంట్లో కొంత తిరిగొస్తుంది."

"అంతా రాదా?"

"రాదండీ."

ఆమె కారు పక్కకు ఆపింది. "నిన్న చార్జింగ్ తగ్గిందని రెండుసార్లు హెచ్చరిక వచ్చింది. చూసి కూడా పోనిచ్చాను. ఫిర్యాదులో ఆ ముక్క రాయలేదు."

"నాకెందుకు చెప్తున్నారు?"

"మీకు కాక ఇంకెవరికి చెప్పను?"

మధ్యాహ్నం ఆమె పెద్ద మేడమ్ చేతిలో ఆ ముక్క కూడా రాసిన ఇంకో కాగితం పెట్టింది. మేడమ్ రెండుసార్లు చదివింది.

"ఇది తీసుకుంటే నీ ఉద్యోగం పర్మనెంటు కావడం ఆర్నెల్లు వెనక్కి పోతుంది."

"పోనివ్వండి మేడమ్."

"నెల రోజులు నువ్వు కారు ముట్టుకోవద్దు. అతనే నిన్ను తిప్పుతాడు."

మొదటిరోజే నర్సు ముసలమ్మ కూతురికి జరిగినదంతా చెప్పింది. "రేపటినుంచి టైముకి రండి, చాలు," అంది ఆవిడ.

నెలంతా ఒక్క నిమిషం తప్పలేదు. ముందు సీట్లో ఇద్దరూ చలికోట్లు వేసుకుని, హీటర్ బదులు సీటు వేడి చేసే మీట నొక్కుకుని వెళ్లేవాళ్లు. ఏ ఇంట్లో ఎవరు ఇక లేరో ఆమె చెప్పేది. అతను ఊరడించేవాడు కాదు, వినేవాడు. అతను ఇంటికి చేర్చినవాళ్లలో ఎవరు లేచి నడుస్తున్నారో చెబితే ఆమె మొహం తేటపడేది.

నెలలో ఆఖరి రోజున అతను మందుల పెట్టె మోసుకుని గుమ్మం దాకా వచ్చాడు. ముసలమ్మ మంచం మీంచి కళ్లు చికిలించి చూసింది.

"ఎవరే అమ్మాయ్, ఆ అబ్బాయి?"

నర్సు సూదిలోకి మందు ఎక్కిస్తోంది. "ఇంకా ఏమీ కాడు బామ్మా."

"అయితే త్వరగా కానీ తల్లీ. నాకట్టే టైము లేదు."

గదిలో ఎవరూ నవ్వలేదు. ముసలమ్మ కూతురు చెంగుతో కళ్లద్దుకుంది. గుమ్మంలో మనిషి పెట్టె కింద పెట్టి నర్సు వైపు తిరిగాడు.

"రేపు మా అమ్మని మీ ఇంటికి తీసుకొస్తానండీ."

ఆమె ముసలమ్మ చేతి నరం వెతికి, సూది వేసి, దూది అద్ది, అప్పుడు తలెత్తింది.

"రేపు నాకు డ్యూటీ. ఆదివారం తీసుకురండి."